దశల ఇల్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో కొత్త గోడలన్నీ నేలమీదే ఉండేవి. బెత్తెడు వెడల్పు ఎర్ర టేపు తెచ్చి ఇల్లంతా అడ్డదిడ్డంగా అంటించి, ఇది గోడ, టేపు లేనిచోట తలుపు అన్నాడు మా తమ్ముడు. టేపు దాటి నడిస్తే గోడలోంచి నడిచినట్టే. మనుషులు గోడల్లోంచి నడవరు కాబట్టి మేమూ నడవకూడదు. ఇది విని మా అమ్మ, వాడి బుర్రే బుర్ర అంది. నేనూ అదే మాట అన్నాను గానీ మా ఇద్దరి ఉద్దేశం ఒకటి కాదు.

మా తమ్ముడు ఇళ్ళు గీస్తాడు. కడతాడు అనడం కంటే గీస్తాడు అనడమే న్యాయం. వాడు గీసిన ఇళ్ళలో కాపురం ఉన్నవాళ్ళ కంటే వాటిమీద వాడి ఉపన్యాసం విన్నవాళ్ళే ఎక్కువ. కంప్యూటరు మీద గీసేవాళ్ళంటే వాడికి చులకన. పల్చటి కాగితం మీద, పెన్సిలుతో, చేత్తో గీస్తేనే ఇంటికి ప్రాణం వస్తుందంటాడు. అలా ప్రాణం పోసుకున్న ఇళ్ళు చాలావరకు చుట్టలు చుట్టుకుని మా అటక మీద పడి ఉన్నాయి.

వాడికో సిద్ధాంతం ఉంది. మనిషి జీవితంలో దశలుంటాయిట. పెళ్ళయి ఇద్దరే ఉంటే మొదటి దశ. పిల్ల పుడితే రెండోది. పిల్ల పెద్దదై గది తలుపు వేసుకోవడం మొదలుపెడితే మూడోది. ఇంట్లో పెద్దవాళ్ళు మంచాన పడితే నాలుగోది. ఆ తర్వాత అయిదోది. దశ మారినప్పుడల్లా జనం ఇల్లు మారుతున్నారు, లేదా ఉన్న ఇల్లు పగలగొట్టి మళ్ళీ కట్టుకుంటున్నారు, ఎంత అవివేకం అని వాడి బాధ. అందుకని పట్టాల మీద జరిగే గోడలు, గోడలోకి మడిచే మంచాలు, ఇవాళ ఒక పనికీ రేపు ఇంకో పనికీ వచ్చే గదులు. ఎదిగే పిల్లకి గౌను కుట్టేటప్పుడు అంచులోపల ఎక్కువ గుడ్డ మడిచి ఉంచుతారే, అలాగన్నమాట. ఆలోచన చెడ్డదేం కాదు. చెడ్డ ఆలోచనలు మా వాడికి రావు. వచ్చేవన్నీ మంచివే, అవి మా నెత్తిన పడేదాకా.

ఆ ఏడు ఊరి చివర ఒక వీధి మొత్తం ఇళ్ళు కట్టుకోవాలనుకున్న వాళ్ళెవరో వీడి ఉపన్యాసం విన్నారు. వాళ్ళకో కమిటీ ఉంది. మీ దశల ఇల్లు ఒకటి చూపించండి, నచ్చితే వీధంతా అలాగే కట్టుకుంటాం అన్నారు. చూపించడానికి వీడి దగ్గర ఇల్లెక్కడిది? ఉన్నది మా ఇల్లు. అది అమ్మది. నాన్న పోయేముందు అమ్మ పేరన పెట్టి పోయాడు. అమ్మ సరే అనందే అందులో ఇటుక కదలదు. మా వాడు ఒక సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని తన సిద్ధాంతమంతా చెప్పాడు. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అందుకని వెంటనే ఒప్పుకుంది. అయితే పగలగొట్టే ముందు ఆ కొత్త ఇంట్లో కొన్నాళ్ళు ఉత్తుత్తినే బతికి చూడాలన్నాడు వాడు. దాన్నే రిహార్సల్ అన్నాడు. బళ్ళకి సెలవులిచ్చారు, మా మరదలూ పిల్లా ఇంట్లోనే ఉంటారు, ఇంతకంటే మంచి సమయం దొరకదన్నాడు.

ఇంట్లో మేం అయిదుగురం. అమ్మ, తమ్ముడు, బడిలో లెక్కలు చెప్పే మా మరదలు, వాళ్ళ తొమ్మిదేళ్ళ పిల్ల, తమ్ముడికి అక్కనైన నేను. నేను కట్టుడు పళ్ళు చేస్తాను. పళ్ళ డాక్టర్లు నోట్లో అచ్చు తీసి పంపుతారు, నేను మైనంతో చిగుళ్ళు చెక్కి పళ్ళు అమరుస్తాను. అందుకే ఎవరు నవ్వినా నాకు ముందు చిగుళ్ళే కనిపిస్తాయి. మా తమ్ముడు సిద్ధాంతం చెప్పేటప్పుడు చాలా నవ్వుతాడు. నాకు పెళ్ళి కాలేదు. కుదరలేదనుకున్నా, నేనే వద్దన్నాననుకున్నా ఎవరిష్టం వాళ్ళది. నలభై దాటాక అడగడం మానేశారు, ప్రాణానికి హాయిగా ఉంది.

హాలు పక్కన చిన్న గది నాది. కిటికీ కింద బల్ల, బల్ల మీద దీపం, మైనం కరిగించే బుల్లి స్టవ్వు, సన్న చాకులు. మంచం పోగా మిగిలిన జాగాలో ఒక మనిషి నిలబడొచ్చు, రెండో మనిషి వస్తే మంచం మీద కూర్చోవాలి. పని ఎక్కువైనప్పుడు ఇంటికి తెచ్చుకుని ఆ కిటికీ వెలుతురులో చేసుకుంటాను. ఆ గది అంటే నాకు ప్రాణం. ఇందులో దాచడానికేముంది.

మొదటి దశ తమ్ముడికీ మరదలికీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి వదిలేసి రెండో దశతో మొదలుపెట్టాం. మా వాడు ఒక దిండుకి తువ్వాలు చుట్టి తెచ్చి, ఇది రెండో పాప, దీన్ని పెట్టుకుని వారం రోజులు ఈ గోడల మధ్య మసలండి అన్నాడు. మా మరదలు అనవసరంగా మాట్లాడే మనిషి కాదు. దిండుని ఒకసారి ఎగాదిగా చూసింది.

"రెండో పాప నీ కాగితం మీదే పుడుతుంది. అక్కడే పెంచుకో" అని, ఆ దిండు తలకింద పెట్టుకుని నిద్రపోయింది.

ఒకరోజు పాలు పొంగుతున్నాయి. మా వాడు పొయ్యికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. మధ్యలో టేపు. చెయ్యి కూడా చాపలేదు, గోడలోంచి చెయ్యి వెళ్ళదు కదా. హాల్లోకి పరుగెత్తి, నడవా చుట్టి, తలుపనుకున్న ఖాళీలోంచి వంటింట్లోకి వచ్చేసరికి పాలు పొయ్యి ఆర్పేసి నేలమీదకి దిగాయి. పాలకి టేపు సంగతి తెలియదు, నేరుగా దాటి వెళ్ళిపోయాయి. వాడు ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. వంటింటి తలుపు తప్పుచోట పెట్టామని తెలిసింది, రిహార్సల్ వల్ల లాభం ఇదే అని సంబరపడ్డాడు. నేల తుడిచింది నేను.

కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతన్నీ వదల్లేదు. అది గోడండీ, ఇటు రండి, ఇదిగో ఇది నడవా, ఇది తలుపు అంటూ ఖాళీ హాల్లో అతన్ని మెలికలు తిప్పుకుంటూ తీసుకెళ్ళాడు. అతను బుద్ధిగా తిరిగాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నన్ను ఆపి, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా అండీ అని గొంతు తగ్గించి అడిగాడు. బాగానే ఉన్నాం అన్నాను. ఇంకేమనాలి?

వింతేమిటంటే మాకు అలవాటైపోయింది. వాడు ఇంట్లో లేనప్పుడు కూడా చుట్టు తిరిగే నడిచేవాళ్ళం. నేనూ తిరిగేదాన్ని, తిరుగుతూ నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అందరికంటే నిష్ఠగా నడిచేది అమ్మ. స్నానాల గదికి వెళ్ళాలంటే ఇల్లంతా ప్రదక్షిణం చేసి వెళ్ళేది. కొడుకు గీసిన గోడ కదా, అది లేకపోయినా ఉన్నట్టే.

మూడో దశ మొదలైన రోజు పొద్దున్నే నేను పళ్ళు తోముకుని వచ్చేసరికి నా గది గుమ్మానికి అడ్డంగా టేపు ఉంది. నా గదీ పిల్ల గదీ కలిపి ఒకటి చేసేశాడు. పిల్ల పెద్దదవుతుందిట, స్నేహితులు వస్తారుట, చదువుకునే బల్ల కావాలిట. ఆ పిల్లకి కావలసింది కుక్కపిల్ల. ఆ మాట అది రోజూ చెబుతూనే ఉంది, ఎవరూ వినలేదు.

"మరి నేనెక్కడ?" అని అడిగాను.

వాడు చేతిలో ప్లాను చూశాడు. ఆ కాగితం ఎత్తి దాని కిందదీ చూశాడు. ఒక్కో దశకి ఒక్కో కాగితం, మొత్తం అయిదు. ప్రతి గదిలోనూ అందులో ఎవరుంటారో చక్కటి దస్తూరీతో రాసి ఉంటుంది. దంపతులు, పిల్ల, తల్లి. మొదటి రెండు కాగితాల్లో నా గది మీద 'మారే గది' అని రాసి ఉంది. నేను మాత్రం ఎక్కడా లేను.

"ఈ దశకి నువ్వు ఇక్కడ ఉండవనుకున్నానక్కా."

"ఎక్కడుంటాను?"

"అంటే, ఎక్కడో ఒకచోట సెటిలయ్యుంటావని."

వాడు తప్పించుకోవడానికి అన్నమాట కాదది. నిజంగానే అలా అనుకున్నాడు. ఎక్కడ, ఎలా, ఎవరితో అని మాత్రం అనుకోలేదు. నేను చచ్చిపోయుంటానని లెక్కవేసినా కాస్త గౌరవంగా ఉండేది, కనీసం నా గురించి ఒక నిమిషం ఆలోచించినట్టు ఉండేది. పుట్టినప్పటినుంచీ నన్ను చూస్తున్నవాడు, నా చేత్తో కలిపి పెట్టిన అన్నం తిని పెరిగినవాడు, నన్ను ఇంట్లోంచి పంపించాలని కూడా అనుకోకుండా ఇంట్లోంచి తీసేశాడు.

నేను కదలనన్నాను. అమ్మ వచ్చింది. వాడి పని కదే, నాలుగు రోజులు సర్దుకో అంది. సర్దుకో అనే మాట మా ఇంట్లో నాకోసమే పుట్టింది. వాడు పరీక్షలకి చదువుకుంటున్నప్పుడు నేను దీపం లేకుండా సర్దుకున్నాను, వాడి పెళ్ళప్పుడు పెద్ద గది వదులుకుని చిన్న గదిలోకి సర్దుకున్నాను. సర్దుకోవడం మొదలుపెట్టిన మనిషి దగ్గర ఇంకా ఎంతో కొంత జాగా మిగిలే ఉంటుందని అందరికీ నమ్మకం. సరే, మంచం హాల్లోకి లాగి, చెప్పుల అర పక్కన, దుప్పటి ఒకటి తెరలా కట్టుకుని పడుకున్నాను. బల్ల వరండాలోకి చేరింది. అక్కడ ఎండకి మైనం మెత్తబడి, అమర్చిన పళ్ళు అమర్చినట్టే పక్కకి ఒరిగేవి. ఆ వారం చేసిన సెట్టు ఒకటి డాక్టరు తిప్పి పంపాడు. ఇన్నేళ్ళ పనిలో నా చేతి పళ్ళు తిరిగి రావడం అదే మొదలు. తమ్ముడికి చెబితే, వరండాకి నీడ చాలదన్నమాట, రాసుకుంటాను అన్నాడు.

నాలుగో దశ అమ్మది. మా అమ్మ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. డెబ్భై దగ్గరపడుతున్నా మెట్లు చకచకా ఎక్కుతుంది, పక్కింట్లో గుసగుసలాడుకున్నా ఇక్కడ కూర్చుని వింటుంది. అలాంటి మనిషి కళ్ళజోడు అద్దాలకి వాజలైను పూశాడు, చూపు మందగించినట్టు ఉండాలని. మోకాళ్ళు వంగకుండా గుడ్డపీలికలు బిగించి కట్టాడు. చేతికో గంట ఇచ్చి, అవసరమైనప్పుడు వాయించమ్మా అన్నాడు. ఇంత జరుగుతుంటే అమ్మ, చంటిపిల్ల బొమ్మకి ముస్తాబు చేస్తుంటే బొమ్మ ఎలా కూర్చుంటుందో అలా కూర్చుంది. మధ్యాహ్నానికల్లా నిజంగానే మంచినీళ్ళకి గంట వాయిస్తోంది. పరుగెత్తింది ఎవరో చెప్పనక్కరలేదు.

ఆ సాయంత్రం మా వాడు వెలిగిపోతున్న మొహంతో నా తెర దగ్గరికి వచ్చాడు. అక్కా, నీ సమస్య తీరిపోయింది అన్నాడు. నా సమస్యట. నాలుగో కాగితం నా ఒళ్ళో పరిచి చూపించాడు. అమ్మ గదిలో, గోడలోకి కాస్త లోపలికి తవ్విన మూల ఉంది. అందులో ఒక మనిషి వెల్లకిలా పడుకునేంత పడక, ముందు తెర. పడక మీద 'సహాయకురాలు' అని రాశాడు.

"ఇది నీకేనక్కా. దీనికోసం రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను" అన్నాడు.

వాడి గొంతులో ప్రేమ ఉంది. అది కూడా చెప్పాలి. మూలకి నెట్టి తెర వేసేటప్పుడు కూడా వాడు ప్రేమగానే నెడతాడు. అమ్మ తన గదిలో మంచం మీంచే తొంగిచూసి, ఆ మసక అద్దాల్లోంచి ఏం కనిపించిందో గానీ, తల ఊపింది.

"బాగుందిరా. నా పక్కనే ఉంటుంది, పిలిస్తే పలుకుతుంది."

తమ్ముడి మాటలకి నాకు చర్మం మందమైపోయింది, అవి తగలవు. అమ్మ మాట తగిలింది. పలకడానికి తప్ప దేనికీ పనికిరానని నా కన్నతల్లే ఒప్పేసుకుంది కదా అనిపించింది. మర్నాడు నేను పనిచేసే ల్యాబులో, అచ్చులకి ప్లాస్టరు కలిపే గదిలో తలుపేసుకుని ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, ఎవరిదో కింద వరస పూర్తి చేశాను.

ఇంటికొచ్చేసరికి మా మరదలు గుమ్మంలోనే ఉంది. నా మొహం చూసి, బట్టలు మడతపెడుతూ పక్కన కూర్చోమంది.

"వదినా, ఆయనతో వాదిస్తే గెలవలేవు. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను. కానీ ఏదడిగితే దానికి ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు, దాచుకోవడం చేతకాదు. అయిదో కాగితం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆదివారం కమిటీవాళ్ళు వస్తారు కదా. అప్పుడడుగు."

ఆ కాగితంలో ఏముందో నువ్వు చూశావా అన్నాను. చూశాను, నేను చెబితే నీ మీద జాలిపడి చెప్పినట్టుంటుంది, ఆయన నోటితోనే రావాలి అంది. లెక్కలు చెప్పే మనిషి, జవాబు తను చెప్పదు.

ఆదివారం పొద్దున్న కమిటీ వచ్చింది. నలుగురైదుగురు పెద్దమనుషులు, ఇద్దరు ఆడవాళ్ళు. అధ్యక్షుడు రిటైరైన ఇంజనీరు, ఏది విన్నా పైకి నవ్వే రకం. ఆయన పైవరస నేను చేసిందే. ఆ ముందు పన్ను కొంచెం వంకరగా ఉండాలని అప్పట్లో ఆయనే పట్టుబట్టి డాక్టరు చేత చెప్పించి చేయించుకున్నాడు, అసలైనవిలా కనిపించాలని. ఆ పళ్ళు చేసిన మనిషే తనకి టీ అందిస్తోందని ఆయనకి తెలియదు.

మా వాడు అందరినీ టేపుల మధ్య తిప్పాడు. వాళ్ళూ తిరిగారు. అంతంత చదువులు చదివిన మనుషులు, ఖాళీ హాల్లో ఒకరి వెనక ఒకరు, లేని గోడకి మోచెయ్యి తగలకుండా ఒదిగి ఒదిగి నడుస్తుంటే, తలుపంటే తల కూడా వంచుతుంటే, నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. మొదటి దశ చెప్పాడు. రెండోది చెప్పాడు. మూడో దశలో నా గది పిల్ల గదిలో కలిసిపోగానే ఒకావిడ, ఎంత విశాలంగా ఉందో అంది. నాలుగో దశకి అమ్మ గదిలోకి వచ్చారు. అమ్మ మసక కళ్ళజోడు పెట్టుకుని, కాళ్ళు బిగదీసుకుని, గంట పట్టుకుని మంచం మీద కూర్చుంది. నన్ను ఆ మూల టేపు గీసినచోట ట్రేతో నిలబడమన్నాడు, కొలత తెలుస్తుందని. నిలబడ్డాను. అందరూ నా కొలత చూశారు.

"అయిదో దశ చెప్పలేదు" అన్నాను.

వాడికి సంతోషం పట్టలేదు. మా అక్క మంచి ప్రశ్న వేసింది అని అందరికీ చెప్పి, అయిదో కాగితం విప్పాడు. నాలుగో దశ పూర్తయ్యాక ఈ గది ఇలా ఉండదు, వీధివైపు గోడ పక్కకి జరుగుతుంది, నేరుగా వీధిలోంచే లోపలికి రావచ్చు, ఇది నా ఆఫీసు అవుతుంది అన్నాడు.

"ఈ పడక?"

"అదే ఇందులో అందం. చూడండి, పడక ఎత్తి గోడలోకి మడిచేస్తాం, తెర తీసేసి తలుపులు పెడతాం. బీరువా అయిపోతుంది. ప్లాన్లన్నీ ఇందులోనే సర్దుకోవచ్చు."

అధ్యక్షుడు నేను చేసిన పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. భేష్, ఒక్క అంగుళం వృథా పోలేదు అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. వాళ్ళకి అందులో ఏ తప్పూ కనిపించలేదు. మా మరదలు గుమ్మం దగ్గర నిలబడి గోళ్ళు చూసుకుంటోంది. నేను ట్రే పట్టుకుని బీరువాలో నిలబడి ఉన్నాను.

అమ్మ కళ్ళజోడు తీసింది. చీర చెంగుతో ఆ వాజలైను తుడిచింది, అది అంత తేలిగ్గా పోదు, ఓపిగ్గా తుడిచింది. మళ్ళీ పెట్టుకుని కొడుకు వంక చూసింది. టెలిఫోన్ ఆఫీసులో ఏ నంబరు కావాలని అడిగే గొంతుతో, కోపమేమీ లేకుండా అడిగింది.

"నా గది ఎప్పటికి ఖాళీ అవుతుందని రాశావురా?"

అబద్ధం చెప్పే తెలివి ఉన్నవాడెవడైనా అక్కడ ఆగిపోయేవాడు. మా వాడు కాగితం దగ్గరికి తీసుకుని మూలన రాసుకున్నది వెతికాడు. అడిగారు కాబట్టి చెప్పాలి కదా.

"పాప కాలేజీలో చేరేసరికి అనుకున్నానమ్మా. అందాజుగా."

"అలాగా" అంది అమ్మ.

వంగి, మోకాళ్ళకి కట్టిన పీలికలు విప్పింది, మడతపెట్టి దిండు కింద పెట్టింది. లేచి, కమిటీవాళ్ళని కూర్చోమని, ఇంకో కప్పు టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. టేపు మీంచే తిన్నగా వెళ్ళిపోయింది. చూడక వెళ్ళిందో చూసే వెళ్ళిందో నేనెప్పుడూ అడగలేదు. కమిటీవాళ్ళు రెండో టీ కూడా తాగి, చాలా బాగుంది అని చెప్పి, వెళ్ళేటప్పుడు మాత్రం మళ్ళీ నడవా చుట్టే వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళాక అమ్మ వాణ్ణి పిలిచి చెప్పింది. ముందు మీ అక్కకి గది గియ్యి, అయిదు కాగితాల్లోనూ, అది అయ్యాకే ఇటుక కదిలేది అంది. వాడు సిద్ధాంతం ఎత్తబోయాడు. అమ్మ గంట తీసి వాడి చేతిలో పెట్టి, నీకేమన్నా కావలిస్తే వాయించు అని వెళ్ళి పడుకుంది. ఇదంతా నాకోసమే చేసిందని చెప్పుకోవాలని నాకూ ఉంది. కానీ మా అమ్మ నాకు తెలుసు. నా పడక బీరువా అయినందుకు కాదు, తన మంచం ఆఫీసు అయినందుకు వచ్చింది ఆవిడకి కోపం. రానీ. ఎవరి కోసం వస్తేనేం, ఆ కోపం నాకు అక్కరకొచ్చింది. ఆ సాయంత్రమే నేనో పక్కా మా మరదలో పక్కా పట్టుకుని నా మంచం మళ్ళీ నా గదిలో వేశాం. గుమ్మానికున్న టేపు పీకితే నేల రంగు కూడా కొంత ఊడొచ్చింది.

మా వాడు రెండు రోజులు అన్నం మీద అలిగాడు. మూడో రోజు ఆకలేసింది. ఏ దశలోనూ మారని గది ఒకటి ఉంటే ఇక దీన్ని దశల ఇల్లు అని ఎలా అంటాను, కమిటీకి నా మొహం ఎలా చూపించను అని భార్య దగ్గర వాపోయాడు. ఆవిడ వచ్చే ఏడాది లెక్కల పాఠాలు రాసుకుంటూ, చూపించకు అందిట. తర్వాత గీయడం మొదలుపెట్టాడు. నన్ను ఒకసారి మేడమీదకి ఎక్కించాడు. ఒకసారి వరండా చివరికి తోశాడు. ఒకసారి మూడు మూలల గది ఒకటి గీసి, మంచం ఎటు వేసినా కాళ్ళు బయటికొస్తాయని తనే కొట్టేశాడు. ఎండలు తగ్గి, మబ్బులు పట్టి, పిల్ల బడికి పోవడం మొదలయ్యేదాకా గీస్తూనే ఉన్నాడు. చివరికి నా గదిని నా గది ఉన్నచోటే పెట్టాడు. అక్కడైతే కిటికీలోంచి వెలుతురు బాగా వస్తుంది అక్కా అని, తనే కనిపెట్టినట్టు చెప్పాడు. ఔనా అన్నాను.

ఒక ఆదివారం కాగితాలు చంకన పెట్టుకుని నా గదికి వచ్చాడు. నేను బల్ల దగ్గర మైనం చెక్కుతున్నాను, కాబట్టి వాడు మంచం మీద కూర్చోవలసి వచ్చింది. గది కుదిరింది, అయిదింట్లోనూ కుదిరింది, ఒక్క చిక్కు మిగిలింది అన్నాడు. అన్ని గదుల్లోనూ పేర్లు రాశాను, ఇందులో ఏం రాయాలో తెలియడం లేదు అన్నాడు.

"అతిథి అంటే కమిటీవాళ్ళు ఎప్పుడు వెళ్తారని అడుగుతారు. సహాయకురాలంటే నీకు కోపం. ఒంటరి స్త్రీ అంటే బాగుండదు. 'ఇతరులు' అని రాయనా?"

నేను చాకు పక్కన పెట్టాను. వాడు ఎగతాళి చేయడం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. పుట్టి, మాటలొచ్చి, అమ్మ తర్వాత రెండో మాటగా నన్ను పిలవడం నేర్చుకున్నవాడు, పెన్సిలు పట్టుకుని నా మంచం మీద కూర్చుని నన్నేమనాలో నన్నే అడుగుతున్నాడు. చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకున్నాను.

"నువ్వు నన్నేమని పిలుస్తావు?"

"అక్కా అని."

"అది రాయి."

వాడు ఆలోచించాడు. అక్క అనేది ఏ దశలోకీ రాదు కదా అని గొణిగాడు. మళ్ళీ ఆలోచించాడు. సరే అని, కాగితాలు మంచం మీద పరుచుకుని, ఒక్కొక్కదాని మీదా వంగి, నాలుక కొస బయటపెట్టి, వరసగా రాశాడు. నేను పని చేసుకుంటున్నాను. బయట చినుకులు మొదలయ్యాయి. అయిపోయింది, చూడు అన్నాడు. చూశాను. అయిదు కాగితాల్లోనూ, కిటికీ ఉన్న ఆ చిన్న గదిలో, గుండ్రటి దస్తూరీతో 'అక్క' అని ఉంది. దాని కింద, ఇంకా చిన్నగా, బ్రాకెట్టులో 'ప్రస్తుతానికి' అని ఉంది.

ఇదేమిట్రా అన్నాను. ఏం లేదక్కా, ముందు ముందు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు, కాస్త వెసులుబాటు ఉండాలి కదా అన్నాడు.

వాడి చొక్కా జేబులోంచి రబ్బరు తీసుకుని అయిదు కాగితాల మీదా ఆ మాట నేనే చెరిపాను. రబ్బరు తిరిగి ఇవ్వలేదు.